రొయ్యల గుంట గట్టు మీద కలన గణితం

నెల్లూరు తీరంలో విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల మీదుగా సముద్రం వైపు వెళ్తే వరిమళ్లు ఆగిన చోట రొయ్యల గుంటలు మొదలవుతాయి. గుంట ఉన్న ప్రతి ఇంట్లో పంట చివరి రోజుల్లో నడిచే చర్చ ఒకటే. ఇప్పుడే పట్టేద్దామా, ఇంకో పదిహేను రోజులు ఆగుదామా? ఆగితే రొయ్య బరువెక్కుతుంది, కిలోకు తూగే కౌంట్ తగ్గుతుంది, కిలో ధర పెరుగుతుంది. ఆగినన్నాళ్లూ మేత వెయ్యాలి, ఏరియేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి. ఈలోగా వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల వ్యాధి తగిలిందంటే పెట్టుబడి నీళ్లపాలే.

రైతు ఈ ప్రశ్నకు అనుభవంతో జవాబు చెబుతాడు. అదే ప్రశ్నను కాగితం మీద పెట్టి, ఏ అంకె దగ్గర జవాబు మారిపోతుందో చూపించే చదువు ఒకటుంది. డిగ్రీలో ఎకనామిక్స్‌ను, మ్యాథ్స్‌ను కలిపి చదవడమే అది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవాళ్లలో చాలామంది చూపు ఇంజినీరింగ్ మీద, ఎంఈసీ తీసుకున్నవాళ్లలో చాలామంది చూపు సీఏ మీద ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దారి గురించి ఇంట్లోగాని కాలేజీలోగాని చెప్పేవాళ్లు తక్కువ. అది ఎవరికి నప్పుతుంది, దేన్ని ముందు పట్టుకోవాలి, ఎలా చదవాలి, చదివాక ఎక్కడికి వెళ్లొచ్చు అన్నవే ఈ అధ్యాయంలోని విషయాలు.

ఒక గుంట, ఒక సమీకరణం

ముందు ఆ పదిహేను రోజుల లెక్క చూద్దాం. ఇవి లెక్క తేలికగా ఉండడానికి వేసుకున్న అంకెలు. గుంటలో లక్ష రొయ్యలున్నాయి. ఈ రోజు 50 కౌంట్, అంటే కిలోకు యాభై తూగుతున్నాయి. మొత్తం 2,000 కిలోలు. కిలో 350 రూపాయల చొప్పున 7 లక్షలు వస్తాయి. పదిహేను రోజులు ఆగితే 40 కౌంట్‌కు వస్తాయి, ధర 400 పలుకుతుంది. ఈలోగా నూటికి ఐదు రొయ్యలు చనిపోతాయనుకుంటే మిగిలేవి 95 వేలు, బరువు 2,375 కిలోలు, రాబడి 9.5 లక్షలు. ఆ పదిహేను రోజుల మేతకు, కరెంటుకు 1.2 లక్షలు తీసేస్తే 8.3 లక్షలు. ఇంతవరకు చూస్తే ఆగడమే లాభం.

ఇప్పుడు జబ్బు సంగతి. మధ్యలో వ్యాధి వచ్చి హడావుడిగా పట్టాల్సి వస్తే 3 లక్షలే చేతికొస్తాయనుకుందాం. ఖర్చు పోను మిగిలేది 1.8 లక్షలు. వ్యాధి వచ్చే సంభావ్యత పి అనుకుంటే, ఆగడం వల్ల సగటున ఆశించదగిన రాబడి 8.3 లోంచి 6.5 పి తీసేసినంత. దాన్ని ఈ రోజు రాబడి అయిన 7కు సమానం చేస్తే పి విలువ 0.2 వస్తుంది. అంటే వ్యాధి రావడానికి ఐదింట ఒక వంతు కంటే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే ఈ రోజే పట్టేయాలి, తక్కువనిపిస్తే ఆగొచ్చు.

ఈ చిన్న లెక్కలో రెండు సబ్జెక్టులూ ఉన్నాయి. ఏ ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్నది ఎకనామిక్స్ నేర్పుతుంది. సీడ్‌కు, గుంట తవ్వకానికి ఇదివరకే పెట్టిన డబ్బు ఈ లెక్కలో ఎక్కడా రాలేదు. ఆగినా ఆగకపోయినా అది తిరిగిరాదు కాబట్టి ఈ నిర్ణయానికి దానితో పనిలేదు. పదిహేను రోజులకు బదులు ఏ రోజు పట్టాలో కచ్చితంగా తేల్చాలంటే కలన గణితం కావాలి. పంట విలువ రోజుకు ఎంత చొప్పున పెరుగుతోందో, ఒక రోజు ఆగడానికి అయ్యే ఖర్చూ ప్రమాదమూ కలిపి ఎంతో చూడాలి. మొదటిది రెండోదానికి సమానమయ్యేంత వరకు తగ్గిన రోజే పట్టాల్సిన రోజు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చెప్పే ఉపాంత రాబడి, ఉపాంత వ్యయం అంటే ఇదే.

లెక్క ఇక్కడితో అయిపోదు. అప్పు లేని రైతు ఐదింట ఒక వంతు ప్రమాదాన్ని తట్టుకుంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టినవాడు తట్టుకోలేడు. అతనికి 1.8 లక్షలు మిగలడమంటే వచ్చే పంట వేయలేకపోవడం. ఒకే మొత్తం వేర్వేరు మనుషులకు వేర్వేరు విలువ కలిగి ఉంటుందన్న సంగతిని 1738లోనే డేనియల్ బెర్నూలీ లాగరిథమ్ సాయంతో గణితంలోకి తెచ్చాడు. ఇంటర్‌లో సంవర్గమానాలు ఎందుకు నేర్చుకున్నానా అని విసుక్కున్న విద్యార్థికి వాటి ఉపయోగం ఇక్కడ దొరుకుతుంది.

పక్క గుంట నీళ్లు

ఒక్క రైతు లెక్క అర్థమయ్యాక చాలామంది రైతుల లెక్క మొదలవుతుంది. నెల్లూరు తీరం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య సాగు ఈ తీరమంతా వేగంగా పరచుకుంది. 1994–95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి గుంటలను ఖాళీ చేసింది. అందరూ తోడుకునేది, అందరూ వదిలేది ఒకే కాలువలోకి, ఒకే ఉప్పుటేరులోకి. జబ్బు పడ్డ గుంట నీటిని శుద్ధి చేయకుండా వదిలితే వదిలినవాడికి ఖర్చు మిగులుతుంది, నష్టం కింద ఉన్న గుంటలన్నిటికీ పోతుంది. ప్రతి రైతూ తనవరకు తాను తెలివైన నిర్ణయమే తీసుకుంటాడు. అందరి తెలివీ కలిసి అందరినీ ముంచుతుంది. గేమ్ థియరీలో రెండు వరసలు, రెండు నిలువులు ఉన్న చిన్న పట్టికతో దీన్ని చూపించవచ్చు. ఎవరికీ తన నిర్ణయాన్ని ఒంటరిగా మార్చుకోవడం లాభం కాని స్థితిని జాన్ నాష్ 1950లో నిర్వచించి, అది ఉంటుందని రుజువు చేశాడు. ఆ పనికి 1994లో ఆయనకు నోబెల్ వచ్చింది.

పట్టిక వేయడం తెలిసిన విద్యార్థి తర్వాతి ప్రశ్న తనంతట తానే అడుగుతాడు. ఈ ఉచ్చు లోంచి బయటికి ఎలా రావాలి? 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతులు మొదలయ్యాయి. ఈ చరిత్రంతా నియమాలు మార్చి పట్టికలోని అంకెలను మార్చే ప్రయత్నమే. ఏ నియమం ఎంతవరకు పనిచేసిందో తేల్చడానికి మాత్రం అభిప్రాయాలు చాలవు, గణాంకాలు కావాలి.

సముద్రం లోపలా ఇదే కథ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. మైపాడు నుంచి జువ్వలదిన్నె వరకు మత్స్యకార కుటుంబాలకు ఆ రెండు నెలలు ఎంత కష్టమో తెలుసు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధ కాలపు భృతిని 20 వేల రూపాయలకు పెంచింది. నిషేధం ఎందుకో అర్థం కావాలంటే చేపల సంఖ్య ఎలా పెరుగుతుందో చూడాలి. సముద్రం మోయగలిగిన గరిష్ఠ సంఖ్య కె అయితే, చేపలు మరీ తక్కువ ఉన్నా, కె దగ్గరికి చేరినా పెరుగుదల మందగిస్తుంది. ఒక్క అవకలనంతో తేలేదేమిటంటే కె లో సగం ఉన్నప్పుడు పెరుగుదల అత్యధికం. ఎవరైనా వెళ్లి పట్టుకోవచ్చన్న చోట పడవలు ఎంతవరకు పెరుగుతాయన్నది ఇంకో ప్రశ్న. లాభం పూర్తిగా హరించుకుపోయేవరకు అని 1954లో కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ చూపించాడు. ఈ రెండు ఆలోచనలను కలిపి 1976లో కోలిన్ క్లార్క్ అనే గణిత శాస్త్రవేత్త పుస్తకమే రాశాడు. ఇంటర్ గణితం బాగా వచ్చిన పిల్లవాడు దాని మొదటి అధ్యాయాన్ని కాస్త కష్టపడితే చదవగలడు.

ప్రపంచ బజారు కూడా ఈ గట్టు దాకా వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర తీరమంతా కలవరపడింది. సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడు కదా, ఇక్కడి రైతుకు ధర ఎందుకు పడాలి? దీనికి జవాబు వ్యాకోచత్వంలో ఉంది. కొనేవాడు ఈక్వెడార్ రొయ్యకు తేలిగ్గా మళ్లగలిగి, ఇక్కడి రైతు గుంటలో పెరిగిన రొయ్యను అమ్మక తప్పని స్థితిలో ఉంటే భారంలో ఎక్కువ భాగం రైతు మీదికే జారుతుంది. ఎంత భాగమో చెప్పే సూత్రం ఒక వరుసలో ఇమిడిపోతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం సొంత ఊరి ధరను వివరించినప్పుడు విద్యార్థి దాన్ని ఇక మరచిపోడు.

లెక్కలతో మొదలుపెట్టినవాళ్లు

ఈ దారిలో ముందు నడిచిన తెలుగువాళ్ల జీవితాల్లో ఒక పోలిక కనిపిస్తుంది. ముందు గణితం, లేదా గణితం బాగా వాడే శాస్త్రం. ఆ తర్వాత సమాజం వైపు మళ్లింపు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరారు. అందుబాటులో ఉన్న సమాచారం నుంచి చేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దానికి హద్దు ఏమిటో 1945లో, పాతికేళ్ల వయసులో తేల్చారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్షను ఇవాళ ఎకనోమెట్రిక్స్ చదివే ప్రతి విద్యార్థీ లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అనే పేరుతో నేర్చుకుంటాడు. గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు.

మద్దాల గంగాధరరావు పేరు తెలుగు ఇళ్లలో అంతగా వినబడదు. ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో జి.ఎస్. మద్దాల అంటే తెలియని ఎకనోమెట్రిక్స్ అధ్యాపకుడు ఉండడు. 1933లో పుట్టారు. 1955లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో బి.ఏ., 1957లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. తీసుకున్నారు. ఆ తర్వాత 1963లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ డాక్టరేట్ పూర్తి చేశారు. 1983లో వచ్చిన ఆయన గ్రంథం ఒక ప్రత్యేకమైన చిక్కును తీసుకుంది. కొన్ని ప్రశ్నలకు జవాబు అవును, కాదు అనే రెండు మాటల్లోనే ఉంటుంది. మత్స్యకారుల కుటుంబంలోని అమ్మాయి పదో తరగతి తర్వాత కాలేజీలో చేరిందా లేదా? రైతు బీమా తీసుకున్నాడా లేదా? ఇలాంటి సమాచారాన్ని మామూలు సరళరేఖతో కొలవబోతే తప్పు జవాబులు వస్తాయి. ఎలా కొలవాలో వివరించిన ఆ పుస్తకం తరాల పరిశోధకులకు ఆధారమైంది.

దువ్వూరి సుబ్బారావు ఐఐటీల్లో ఫిజిక్స్ చదివారు. 1972 సివిల్ సర్వీసుల్లో దేశంలో ప్రథముడిగా నిలిచారు. ఉద్యోగంలో ఉండగానే అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్‌లో ఎం.ఎస్., తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. 2008 సెప్టెంబర్ 5న రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. పది రోజులకే లేమాన్ బ్రదర్స్ కూలింది.

వీళ్ల ప్రతిభ అందరికీ రాదు. వీళ్లు నడిచిన వరుస మాత్రం అందరికీ పనికొస్తుంది. ఇరవై ఏళ్ల లోపు గణితం గట్టిగా వచ్చినవాడు పాతికేళ్ల వయసులో ఎకనామిక్స్ నేర్చుకోగలడు. దీన్ని తిరగేస్తే చాలా కష్టం. అందుకే ఈ జోడీ చదువులో మొదటి సలహా గణితాన్ని వాయిదా వేయవద్దన్నదే.

మేజర్ ఏది, మైనర్ ఏది

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023–24 నుంచి ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు మూడు సబ్జెక్టుల గ్రూపులుండేవి. కావలి జవహర్ భారతి అయినా, నెల్లూరు డి.కె. మహిళా కళాశాల అయినా, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలోని మరే కాలేజీ అయినా, చేరేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. మ్యాథ్స్ మేజర్‌తో ఎకనామిక్స్ మైనర్ ఇస్తారా? స్టాటిస్టిక్స్ ఏదో ఒక రూపంలో సర్టిఫికెట్ మీద కనిపిస్తుందా? నాలుగో సంవత్సరం ఆనర్స్ ఆ కాలేజీలోనే ఉందా? నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి సీనియర్ల మాట మీద ఆధారపడకుండా ఆ సంవత్సరపు ప్రాస్పెక్టస్‌నే చూడాలి.

ఎంపిక చేతిలో ఉంటే మ్యాథ్స్ మేజర్, ఎకనామిక్స్ మైనర్ తీసుకోవడం మేలు. మ్యాథ్స్ మేజర్‌లో వాస్తవ విశ్లేషణ, మాత్రికలు, అవకలన సమీకరణాలు అధ్యాపకుల దగ్గర, పరీక్షల ఒత్తిడితో పూర్తవుతాయి. అవి ఇంట్లో ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. డిమాండ్, జాతీయాదాయం, ద్రవ్యం వంటి అధ్యాయాలను మంచి పుస్తకం పెట్టుకుని సొంతంగా చదువుకోవచ్చు. ఎకనామిక్స్ మేజర్ మాత్రమే దొరికితే నిరాశ పడనక్కర్లేదు. మ్యాథ్స్‌ను మైనర్‌గా పట్టుకుని, మిగిలినదాన్ని స్వయం, ఎన్‌పీటీఈఎల్ కోర్సులతో పూరించుకోవాలి. ఇంటర్‌లో గణితం అసలు లేనివాళ్లకు ఈ దారి ఇరుకు. ముఖ్యమైన పీజీ ప్రవేశాలు ఇంటర్ స్థాయి గణితాన్ని తప్పనిసరిగా అడుగుతాయి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పడం మరో పరీక్ష. పక్కింటి అబ్బాయి బీటెక్ చేరుతుంటే మన అమ్మాయి డిగ్రీ ఏమిటన్న బెంగ న్యాయమైనదే. దానికి కోపంతో కాకుండా కాగితంతో జవాబు చెప్పాలి. మూడేళ్ల ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, ఆ తర్వాత ఏ పరీక్షలు రాయొచ్చు, అవి కుదరకపోతే రెండో దారి ఏమిటి అన్నవి ఒక పేజీలో రాసి చూపిస్తే నాన్న అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి. మిగిలిన సగం నిజంగా ఆలోచించాల్సినవే.

దేని పక్కన దేన్ని చదవాలి

రెండు సబ్జెక్టులను రెండు వేర్వేరు గదుల్లో, ఇద్దరు వేర్వేరు అధ్యాపకులు చెబుతారు. వాటిని కలపాల్సిన బాధ్యత విద్యార్థిదే. కలన గణితం నడుస్తున్న నెలల్లో ఉపాంత వ్యయం, వ్యాకోచత్వం చదవాలి. నియమిత గరిష్ఠాలు వచ్చినప్పుడు లగ్రాంజ్ గుణకం దగ్గర ఆగాలి. 78 టీఎంసీల సోమశిల నీటిని వరికి, చెరకుకు, తాగునీటికి పంచేటప్పుడు ఇంకొక్క టీఎంసీ ఉంటే ఎంత విలువ కలిసొస్తుందో ఆ గుణకం చెబుతుంది. మాత్రికలు వచ్చినప్పుడు ఆర్థికవేత్త లియోన్టిఫ్ పట్టికను తెరవాలి. ఒక పరిశ్రమ ఉత్పత్తి మరో పరిశ్రమకు ముడిసరుకయ్యే తీరును విలోమ మాత్రికతో లెక్కకట్టినందుకు ఆయనకు 1973లో నోబెల్ ఇచ్చారు. రొయ్యల ఎగుమతి పడిపోతే మేత మిల్లులకు, ఐసు ఫ్యాక్టరీలకు, లారీలకు ఎంత దెబ్బో ఆ పద్ధతిలోనే అంచనా వేస్తారు. సంభావ్యత తర్వాత ఎకనోమెట్రిక్స్, అవకలన సమీకరణాల తర్వాత 1956 నాటి సోలో వృద్ధి నమూనా చదవాలి.

వాస్తవ విశ్లేషణ దగ్గర చాలామంది బెదిరిపోతారు. ఎప్సిలాన్, డెల్టాలతో ఎకనామిక్స్‌కు ఏం పని అనిపిస్తుంది. ధరలన్నీ ఒకేసారి అన్ని బజార్లనూ సమతౌల్యంలోకి తేగలవా అన్న ప్రశ్నకు 1954లో యారో, డెబ్రూ ఇచ్చిన రుజువు పూర్తిగా ఈ భాషలోనే ఉంది. డెబ్రూ స్వయానా గణితంలో శిక్షణ పొందినవాడు. విదేశాల్లో ఎకనామిక్స్ పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేటప్పుడు ఈ ఒక్క పేపర్ మార్కును ప్రత్యేకంగా చూసే విభాగాలు చాలా ఉన్నాయి.

పుస్తకాల విషయంలో ఆశ తగ్గించుకోవాలి. ఆల్ఫా చియాంగ్ గణిత ఎకనామిక్స్ పుస్తకం, హాల్ వేరియన్ మైక్రో ఎకనామిక్స్, బార్టిల్–షెర్బర్ట్ వాస్తవ విశ్లేషణ, మద్దాల గారి ఎకనోమెట్రిక్స్ పరిచయ గ్రంథం. ఈ నాలుగూ మూడేళ్లలో చివరిదాకా లెక్కలు చేసుకుంటూ పూర్తి చేస్తే చాలు. మాత్రికలకు గిల్బర్ట్ స్ట్రాంగ్ ఎంఐటీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.

మాటలో, గీతలో, సమీకరణంలో

ప్రతి భావాన్నీ మూడు రకాలుగా రాయడం ఈ చదువుకు పునాది. ముందు అమ్మకు అర్థమయ్యే మాటల్లో, తర్వాత గ్రాఫ్‌లో, చివరికి సమీకరణంలో. మూడింట్లో ఏది రాయలేకపోయినా ఆ అధ్యాయం ఇంకా రాలేదనే అర్థం. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1865లో కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో రెండో స్థానం తెచ్చుకున్న మనిషి. అంతటివాడు 1906లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో గణితాన్ని సంక్షిప్త లిపిగా వాడుకోమన్నాడు. ఫలితాన్ని మామూలు భాషలోకి మార్చి, జీవితంలోంచి ఉదాహరణ చూపమన్నాడు. ఆ తర్వాత లెక్కను తగలబెట్టమన్నాడు, ఉదాహరణ చూపలేకపోతే మాటల్లోకి మార్చినదాన్నీ తగలబెట్టమన్నాడు. సముద్రతీరపు విద్యార్థికి ఉదాహరణలకు కొరత లేదు.

కొలమానాలను సరిచూడడం ఇంకో అలవాటు. నెల్లూరు రైతు ధాన్యాన్ని పుట్టి లెక్కన అమ్ముతాడు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. కేంద్రం మద్దతు ధరను క్వింటాకు ప్రకటిస్తుంది. 2025–26లో సాధారణ రకానికి 2,369 రూపాయలు. అంటే పుట్టికి సుమారు 20,136. దళారి పుట్టికి 18,500 అంటే మద్దతు ధర కంటే క్వింటాకు 190 రూపాయలకు పైగా తక్కువన్న మాట. ఈ మార్పిడి రాకుండా ఎంత గొప్ప నమూనా కట్టినా తప్పు జవాబే వస్తుంది.

వడ్డీ కూడా అలాంటిదే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 అని అందరూ అంటారు. నెలనెలా కట్టకుండా అసలులో కలిపితే అది 26.8 శాతం అవుతుంది. 1990ల మొదట్లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఈ జిల్లా మహిళలు పొదుపులక్ష్మి పేరుతో రోజుకు రూపాయి దాచుకున్నారు. ఆ రూపాయి నెలకు నూటికి రూపాయి వడ్డీతో ఎలా పెరుగుతుందో చూడడం గుణశ్రేణికి చక్కటి పాఠం. ఆ పొదుపు ఊరి వడ్డీ వ్యాపారి రేటును ఎంత తగ్గించిందన్నది పరిశోధన ప్రశ్న.

మూడోది, సమాచారంతో చేతులు మురికి చేసుకోవాలి. పైథాన్ గానీ, ఆర్ గానీ రెండో సంవత్సరంలోపు నేర్చుకోవాలి. కేంద్ర గణాంక శాఖ కుటుంబ సర్వేల వివరాలను, ఆగ్‌మార్క్‌నెట్ మార్కెట్ యార్డు ధరలను, రిజర్వ్ బ్యాంక్ ఆర్థిక గణాంకాలను ఉచితంగా అందుబాటులో పెట్టాయి. సెల్‌ఫోన్, లైబ్రరీ కంప్యూటర్ ఉన్న విద్యార్థికి కావలి అయినా కేంబ్రిడ్జ్ అయినా ఈ విషయంలో తేడా తక్కువ.

డిగ్రీ చేతికొచ్చాక

నిజం చెప్పాలంటే ఈ జోడీలో డిగ్రీ ఒక్కటే పెద్ద ఉద్యోగం తెచ్చిపెట్టదు. దాని విలువ తర్వాతి మెట్టు దగ్గర తెలుస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కోల్‌కతా, ఢిల్లీల్లో నడిపే క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఎం.ఎస్.కు ఏ డిగ్రీవాళ్లయినా రాయొచ్చు, ఇంటర్ స్థాయి గణితం ఉంటే చాలు. ప్రవేశ పరీక్షలో గణితం బరువే ఎక్కువ. ఐఐటీల పీజీ ప్రవేశాలకు పెట్టే జామ్‌లో 2021 నుంచి ఎకనామిక్స్ పేపర్ కూడా ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, నెల్లూరు నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మరికొన్ని గుమ్మాలు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో అర్హతలను జాగ్రత్తగా చదవాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్ లేదా దాని శాఖల్లో పీజీ కావాలి. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీ చాలు, అయితే అందులో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. మ్యాథ్స్ ఉందికదా అనుకుని ఇక్కడ దెబ్బతిన్న విద్యార్థులున్నారు. రిజర్వ్ బ్యాంక్‌లో ఆర్థిక పరిశోధన విభాగానికీ, గణాంక విభాగానికీ గ్రేడ్ బి అధికారులను విడిగా తీసుకుంటారు. బీమా రంగంలో యాక్చువరీ కావాలంటే ఇంటర్ అవగానే ఏసెట్ ప్రవేశ పరీక్ష రాసి, డిగ్రీతోపాటు పేపర్లు పూర్తిచేసుకుంటూ పోవచ్చు.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు కోర్సు కోడ్ చూడాలి. ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ కింద ఉన్న డిగ్రీలు అక్కడ స్టెమ్ జాబితాలోకి వస్తాయి. చదువయ్యాక పనిచేసే గడువు మరో 24 నెలలు పొడిగించుకునే వీలు దానివల్లే వస్తుంది. మామూలు ఎకనామిక్స్ కోడ్‌కు ఆ వీలు లేదు.

ఈ అధ్యాయానికి అభ్యాసాలు

ఒకటి. తెలిసిన ఆక్వా రైతు దగ్గరికి వెళ్లి ఈ వారం 100, 60, 50, 40, 30 కౌంట్ల ధరలు రాసుకోవాలి. కౌంట్‌ను గ్రాముల్లోకి మార్చి, బరువుకూ ధరకూ గ్రాఫ్ గీయాలి. ధర ఏ బరువు దగ్గర వేగంగా పెరుగుతోందో, ఎక్కడ నెమ్మదిస్తోందో మాటల్లో రాయాలి. తర్వాత పైన చేసిన పదిహేను రోజుల లెక్కను ఆ నిజమైన ధరలతో మళ్లీ చేయాలి.

రెండు. ఒకే కాలువ మీద ఉన్న రెండు గుంటల రైతులకు నీటి శుద్ధి పట్టిక వేయాలి. శుద్ధి ఖర్చు, వ్యాధి నష్టం తనకు తోచినట్టు వేసుకుని, ఎంత జరిమానా పెడితే ఇద్దరూ శుద్ధి చేసే స్థితి వస్తుందో కనుక్కోవాలి. ఆ పట్టికను మ్యాథ్స్ అధ్యాపకుడికీ ఎకనామిక్స్ అధ్యాపకుడికీ విడివిడిగా చూపించి, ఇద్దరూ అడిగిన ప్రశ్నలను పక్కపక్కన రాసుకోవాలి.

మూడు. మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక సెలవుల్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పాత ప్రశ్నపత్రం ఒకటి దించుకుని, గడియారం పెట్టుకుని రాయాలి. మార్కులు తక్కువొస్తాయి, వచ్చినా పర్వాలేదు. చేయలేకపోయిన లెక్కలు ఏ అధ్యాయాలవో జాబితా వేసి, రెండో సంవత్సరపు చదువును ఆ జాబితాతో మొదలుపెట్టాలి.